సగంలో ఆగిన ప్రసంగం

తన మాటకు సభంతా నవ్వినా, గురువుగారు మాత్రం తలెత్తి కూడా ఎందుకు చూడలేదో సోమరక్షితుడికి అంతుపట్టలేదు.

కృష్ణ ఒడ్డున ఆ బౌద్ధారామంలో ఏటా వానాకాలం చివర పండిత సభ జరుగుతుంది. ఆ ఏడు ఎగువ కొండల నుంచి వసుదత్త అనే భిక్షుణి వచ్చింది. సభలో మాట్లాడటం ఆమెకదే మొదలు. ముసురు పట్టి మండపం పగలే చీకటిగా ఉంది.

"మా వైపు ఈ ఏడు మశూచి వచ్చి పిల్లలు పోయారు. ఆ తల్లుల దుక్కం గురించి చెబుతాను," అని మొదలుపెట్టింది. ఆమెది కొండ యాస.

సోమరక్షితుడు లేచాడు. "అమ్మా, చిన్న సందేహం. తమరు చెప్పేది దుఃఖం గురించా, దుక్కి దున్నడం గురించా?"

మండపం గొల్లుమంది. ఆమె మళ్లీ నోరు తెరిచేసరికి వెనక ఎవరో ఎద్దుల్ని అదిలించినట్టు "హై, హై" అన్నారు. ఆమె ప్రసంగ పీఠం దిగింది. ద్వారం దగ్గర కుర్ర భిక్షువులు కొందరు దారికి అడ్డం నిలబడి, అదే "హై, హై" అంటూ ఇకిలించారు. ఆమె గోడకు ఒదిగి, పైవస్త్రం దగ్గరికి లాక్కుని, ఎలాగో తప్పించుకుని వానలోకి వెళ్లిపోయింది.

సోమరక్షితుడు అదంతా చూశాడు. చూసి ఊరుకున్నాడు.

తర్వాతి వంతు అతని గురువు శీలనందిది. పెద్దాయన ఆరోగ్యం బాగాలేదు. ఇదే ఆయన చివరి సభ అనుకుని ఎక్కడెక్కడి వాళ్లో వచ్చారు. సోమరక్షితుడి చెయ్యి పట్టుకుని మెల్లగా నడిచి వచ్చి, ఆయన పీఠం పక్కన నేల మీద కూర్చున్నాడు.

"పీఠం ఖాళీగానే ఉంది ఆచార్యా," అన్నాడు సోమరక్షితుడు.

"లేదు. ఆమె ఇంకా ముగించలేదు."

అంతే, కళ్లు మూసుకుని అలాగే కూర్చున్నాడు. జనం కాసేపు చూశారు. ఒకరి ముఖాలొకరు చూసుకున్నారు. దగ్గులు మొదలయ్యాయి. ఎవరో లేచి వెళ్లారు. సోమరక్షితుడు ఇక కూర్చోలేక వానలోకి పరుగెత్తాడు.

వసుదత్త రేవులో పడవ కోసం తడుస్తూ నిలబడి ఉంది.

"అమ్మా, తప్పు నాది. లోపలికి రండి. గురువుగారు మీ కోసం కూర్చున్నారు."

"ఆయనకు నా నమస్కారాలు చెప్పు నాయనా. ఆ ద్వారంలోంచి మళ్లీ రాలేను. నాకు భయం."

"పోనీ, చెప్పాలనుకున్నది నాకు చెప్పండి. సభలో నేను చెబుతాను."

ఆమె అతని ముఖంలోకి చూసింది. "బిడ్డలు పోయిన తల్లులు నన్ను నమ్మి చెప్పుకున్న మాటలు అవి. నీ చేతుల్లో ఎలా పెట్టను?"

పడవ వచ్చింది. ఆమె ఎక్కి, అటు తిరిగి కూర్చుంది.

అతను తిరిగి వచ్చేసరికి సభ సగం ఖాళీ అయింది. గురువు నేల మీదే ఉన్నాడు. సోమరక్షితుడు జరిగింది చెప్పాడు. శీలనంది లేవదీయమని చెయ్యి చాచాడు.

"మరి మీ ప్రసంగం, ఆచార్యా?" అడిగాడు సోమరక్షితుడు. "వీళ్లంతా ఎంత దూరం నుంచి వచ్చారు!"

"ఆమె కూడా," అన్నాడు శీలనంది.